కీబోర్డులో పాట కట్టాలంటే ఏ రకం సీక్వెన్సర్ తీసుకోవాలి?

విజయవాడలో కీబోర్డు కొనడానికి వెళ్లినవాళ్లు షాపులో దాదాపు ఒకేలా చూస్తారు. పియానో వాయిస్తారు, స్ట్రింగ్స్ వాయిస్తారు, ఫ్లూటు, వీణ, తబలా టోన్లు వింటారు, ధర దగ్గర కాసేపు బేరమాడతారు. రికార్డ్ బటన్ నొక్కి చూసేవాళ్లు చాలా తక్కువ. ఇంటికొచ్చి కొన్నాళ్లు వాయించాక అసలు అవసరం బయటపడుతుంది. మనసులో ట్యూన్ ఉంది, దానికి రిథమ్ కావాలి, బేస్ కావాలి, పల్లవికీ చరణానికీ మధ్య ఇంటర్లూడ్ కావాలి. ఇవన్నీ ఒక్కరే కూర్చుని ఒక్క కీబోర్డులో పేర్చుకోవడానికి ఉన్నదే సీక్వెన్సర్. టోన్లు నచ్చకపోతే కొత్తవి లోడ్ చేసుకునే వీలు చాలా మోడళ్లలో ఉంది. సీక్వెన్సర్ నడిచే పద్ధతి మాత్రం ఆ కీబోర్డు మీ దగ్గరున్నంత కాలం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే టోన్ల కన్నా ముందు దాన్ని చూడమని గట్టిగా చెబుతాను.

అందులో దాగేది శబ్దం కాదు

సీక్వెన్సర్ మీ వాయింపుని ఆడియోగా దాచదు. ఏ కీ నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా, ఎంతసేపు, మధ్యలో పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం లేదా మీట) ఎంత తిప్పారు అన్న వివరాలనే మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) సమాచారంగా రాసిపెట్టుకుంటుంది. ప్లే నొక్కితే ఆ వివరాల ప్రకారం కీబోర్డు తన టోన్లని తానే వాయిస్తుంది. మిడి అనే ప్రమాణం 1983లో వచ్చింది. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1లో టోన్లు, డ్రమ్స్, ఎఫెక్టులు, 8 ట్రాకుల (ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరస) సీక్వెన్సర్ అన్నీ ఒకే కీబోర్డులో ఉన్నాయి. వర్క్‌స్టేషన్ అంటే ఇలా ఉంటుందని లోకానికి అలవాటు చేసింది అదే. ఇప్పుడు ఎక్కువ మోడళ్లలో 16 ట్రాకులుంటాయి. మిడిలో ఉన్న చానెళ్లు కూడా 16 కాబట్టి ఆ లెక్క బాగా సరిపోతుంది.

దీని విలువ స్టేజి మీద తెలుస్తుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రోగ్రాం మొదలవబోతుండగా సింగర్ వచ్చి "అన్నా, గొంతు పట్టేసింది, ఒక అర శ్రుతి దించవా" అంటారు. పెన్‌డ్రైవ్‌లో ఆడియో ట్రాక్ ఉంటే దాన్ని దించగానే ఎంతో కొంత శబ్దం చెడుతుంది, శ్రుతి ఇంకా దించేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అదే సీక్వెన్స్ అయితే రెండున్నర నుంచి రెండుకి దించినా టోను టోనులాగే ఉంటుంది, ఎందుకంటే కీబోర్డు ఆ పాటని కొత్త శ్రుతిలో మళ్లీ వాయిస్తోంది. టెంపో తగ్గించినా, పెంచినా అంతే. ఒక్క జాగ్రత్త ఉంది. ట్రాకులు ట్రాన్స్‌పోజ్ చేసేటప్పుడు డ్రమ్ ట్రాకుని వదిలేయాలి. డ్రమ్ కిట్‌లో ఒక్కో కీ ఒక్కో వాయిద్యం. జనరల్ మిడి కిట్‌లో అర శ్రుతి కిందికి జరిగితే స్నేర్ మోగాల్సిన చోట స్టిక్ దెబ్బ వినిపిస్తుంది.

మొదటి నుంచి చివరిదాకా వాయించే రకం

కోర్గ్ క్రోమ్, క్రోనోస్, నాటిలస్, యమహా పాత మోటిఫ్ ఈ దారిలో నడుస్తాయి. రికార్డ్ నొక్కి మొదటి బారు (తాళంలో ఒక ఆవర్తనం లాంటి కొలత) నుంచి ఆఖరి బారు దాకా ఒక ట్రాకు వాయిస్తారు. తర్వాత దాని మీద రెండోది, మూడోది. పాట రూపం ముందే తెలిసినవాళ్లకి ఇంతకన్నా సుఖమైన పద్ధతి లేదు. పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు స్ట్రింగ్స్ కాస్త పెరగాలి, రెండో చరణం ముందు ఒక బారు నిశ్శబ్దం రావాలి, చివర టెంపో కొంచెం జారాలి అనే ఆలోచనలు ఈ రకంలో తేలిగ్గా కుదురుతాయి. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ రెండు బార్లకే పంచ్-ఇన్ పెట్టి (అంత మేరకే రికార్డింగ్ ఆన్ అయ్యేలా చేసి) మళ్లీ వాయించవచ్చు, లేదా ఈవెంట్ లిస్టులో, అంటే నోట్ల జాబితాలో, ఒక్కో నోటునీ సరిచేయవచ్చు.

క్రోమ్‌లో 16 మిడి ట్రాకులు, ఒక్కో బీటుకి 480 టిక్కుల సూక్ష్మత ఉన్నాయి. 120 టెంపోలో ఒక టిక్కు సుమారు ఒక మిల్లీసెకను. అంటే మీ చేతి వాయింపులో ఉన్న చిన్న చిన్న తేడాలు కూడా అలాగే నిలుస్తాయి. క్రోనోస్, నాటిలస్‌లలో వీటికి తోడు 16 ఆడియో ట్రాకులున్నాయి, కాబట్టి గొంతు కూడా అందులోనే రికార్డు చేసుకోవచ్చు.

ఈ రకంలో కొత్తవాళ్లని కంగారు పెట్టేవి రెండున్నాయి, ఈ రెండూ ముందే తెలిసుంటే చాలా టెన్షన్ తప్పుతుంది.

మొదటిది కరెంటు. క్రోమ్‌లో సీక్వెన్సర్ సాంగ్ లోపలి మెమరీలో నిలవదు. ఎస్‌డీ కార్డులోకి సేవ్ చేయకుండా ఆఫ్ చేస్తే, లేదా మధ్యలో కరెంటు పోతే, కట్టిన పాట పోయినట్టే. పాత వర్క్‌స్టేషన్లలో ఇది మామూలే. ఎండాకాలం మధ్యాహ్నం గుంటూరులో కూర్చుని పాట కట్టేవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఒక్కో ట్రాకు పూర్తవగానే కార్డులోకి సేవ్ చేయండి, అదీ ప్రతిసారీ కొత్త పేరుతో. కొనేటప్పుడు కూడా "ఆఫ్ చేసి ఆన్ చేస్తే పాట ఉంటుందా?" అని అడగడంతో ఆగకుండా అక్కడే చేసి చూడండి.

రెండోది టోన్ మారిపోయినట్టు అనిపించడం. విడిగా వాయించినప్పుడు మెరిసిన టోను సీక్వెన్సర్‌లోకి తేగానే పల్చబడుతుంది. కీబోర్డు పాడవలేదు. విడిగా ఉన్నప్పుడు ఎఫెక్టులన్నీ ఆ ఒక్క టోనుకే అందుతాయి, సాంగ్‌లో 16 ట్రాకులు వాటిని పంచుకోవాలి. క్రోమ్‌లో అయితే ఇన్సర్ట్ (ఎంచుకున్న ట్రాకులకి వేసుకునే) ఎఫెక్టులు 5, మాస్టర్ (అన్ని ట్రాకులూ పంచుకునే) ఎఫెక్టులు 2, మొత్తం మీద ఒక టోటల్ ఎఫెక్టు. టోనుని ఎఫెక్టులతో సహా కాపీ చేసుకునే కమాండ్ ఉంటుంది, దాన్ని ముఖ్యమైన రెండు మూడు ట్రాకులకే వాడండి. మిగతావాటికి రివర్బ్ (హాలులో మోగినట్టు వినిపించే ఎఫెక్టు) అన్నిటికీ కలిపి ఒకటి చాలు. పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య, కూడా ఇలాగే పంచుకోవాల్సిందే. క్రోమ్‌లో గరిష్ఠంగా 120 వాయిస్‌లు, కానీ రెండు ఆసిలేటర్ల (రెండు శబ్దాలు కలిసి మోగే) టోన్లు వాడితే అది సగానికి పడుతుంది. స్ట్రింగ్స్ మీద పెడల్ తొక్కిపెట్టి ఉంచితే అదంతా ఎటు పోతుందో తెలియనంత త్వరగా ఖర్చవుతుంది.

మోటిఫ్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. 2001లో మొదలై 2010 నాటి ఎక్స్‌ఎఫ్ దాకా సాగిన ఆ వరసలో సాంగ్ మోడ్‌తో పాటు ప్యాటర్న్ మోడ్ కూడా ఉంది. ముక్కలుగా కట్టి, వరసగా గుచ్చి, ఆ వరసని పూర్తి సాంగ్‌గా మార్చుకోవచ్చు. మంచి స్థితిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ మోటిఫ్ దొరికితే, కేవలం సీక్వెన్సర్ కోసమే అయినా తీసుకోవచ్చని నా అభిప్రాయం.

ముక్కలుగా కట్టే రకం

ఇక్కడ ముందు నాలుగు బార్ల రిథమ్ తిరుగుతూ ఉంటుంది. అది ఆగకుండానే దాని మీద బేస్ వేస్తారు, తర్వాత ప్యాడ్, తర్వాత ఒక చిన్న బిట్. పల్లవికి ఒక ముక్క, చరణానికి ఒకటి, బీజీఎంకి ఒకటి తయారయ్యాక వాటిని వరసలో పెడతారు. పూలన్నీ ముందు కోసిపెట్టుకుని తర్వాత మాల కట్టినట్టు.

రోలాండ్ వాళ్ల ఎక్స్‌పీఎస్-30లో 8 ట్రాకుల ప్యాటర్న్ సీక్వెన్సర్ ఉంది. ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు దాన్ని టోన్ల కోసం కొంటారు గానీ, ఐడియా పట్టుకోవడానికి ఆ 8 ట్రాకులు బాగానే సరిపోతాయి. పూర్తి పాట అందులో ముగించాలనుకుంటే మాత్రం ఇరుకు. 2019లో వచ్చిన ఫాంటమ్, 2022లో వచ్చిన ఫాంటమ్-0 ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్లాయి. 16 ట్రాకులు, తెర మీద పియానో రోల్, డ్రమ్ మెషీన్‌లాగా బటన్లతో స్టెప్పులు పేర్చే వీలు ఉన్నాయి. అంతకు ముందు 2014లో వచ్చిన ఎఫ్ఏ-06 ఈ రెండు దారుల మధ్యలో నిలుస్తుంది. ఆపకుండా లూప్ మీద ట్రాకులు పేర్చుకోవచ్చు, పూర్తయ్యాక ఒక్కో ట్రాకునీ విడిగా ఆడియోగా ఎస్‌డీ కార్డులోకి దింపుకోవచ్చు. స్టూడియోకి ట్రాకులు పట్టుకెళ్లేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం.

యమహా మోడెక్స్ విషయంలో సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 2018లో అది వచ్చినప్పుడు ప్యాటర్న్ సీక్వెన్సర్ లేదు. తర్వాత ఓఎస్ అప్‌డేట్‌తో చేరింది. 2016 నాటి మాంటేజ్‌దీ ఇదే కథ. కాబట్టి బ్రాడీపేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో ఎవరైనా అమ్ముతున్నారని చూడ్డానికి వెళితే, ముందు సెట్టింగుల్లో ఓఎస్ వెర్షన్ చూడండి. పాతదైతే అప్‌డేట్ చేసి చూపించమని అడగండి. మోటిఫ్‌లాంటి వివరమైన సాంగ్ ఎడిటింగ్ మోడెక్స్‌లో ఉంటుందనుకుని కొనకండి. ఆ పనికి యమహా కంప్యూటర్ వైపే చూపించింది, దానితో క్యూబేస్ ఏఐ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది.

ముక్కల పద్ధతికి ఉన్న అసలు లోపం సంగీతంలోనే వినిపిస్తుంది. లూపు బాగుందని అదే తిప్పుతూ ఉంటే పాట ఎదగదు. రెండో పల్లవి మొదటి పల్లవికి నకలుగా మిగిలిపోతుంది. దీన్ని దాటాలంటే ముక్కలన్నీ పేర్చాక మెలొడీ, ఫిల్స్ మాత్రం పాట మొత్తానికి చేతితో వాయించి ఎక్కించాలి.

స్టైల్ మీద నడిచే అరేంజర్లు

యమహా పీఎస్ఆర్-ఎస్‌ఎక్స్, కోర్గ్ పీఏ వరసలని వర్క్‌స్టేషన్లు అనేవాళ్లూ ఉన్నారు. వీటిలో 16 ట్రాకుల మిడి రికార్డింగ్ ఉంది నిజమే. కానీ వీటి ప్రాణం స్టైల్‌లో ఉంది. ఎడమచేత్తో కార్డు (chord, కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టుకుంటే రిథమ్, బేస్, గిటారు వాటంతటవే వస్తాయి. ఎస్‌ఎక్స్900లో కార్డ్ లూపర్, పీఏ700లో కార్డ్ సీక్వెన్సర్ అని ఉంటాయి. కార్డుల వరస ఒకసారి ఇస్తే అదే తిరుగుతూ ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీ అవుతుంది.

గుంటూరులో చర్చిల్లో వాయించేవాళ్లకి నేను మొదట ఈ రకాన్నే చూడమంటాను. ఆరాధనలో పాట ఎంతసేపు సాగుతుందో ముందే తెలియదు. పాస్టరుగారు చరణం ఇంకోసారి అందుకోవచ్చు, ప్రార్థన మొదలుపెట్టి వెనక మెల్లగా వాయిస్తూ ఉండమనవచ్చు. మొదటి నుంచి చివరిదాకా రికార్డయిన సీక్వెన్స్ అక్కడ ఆగదు, వినదు. స్టైల్ అయితే మీ చెయ్యి ఎటు వెళితే అటు వస్తుంది. భజన బృందాలకీ ఇదే వర్తిస్తుంది. డ్యాన్స్ స్కూలు వార్షికోత్సవానికి మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకం. పిల్లల అడుగులు ప్రతి బారుకీ లెక్కపెట్టి ఉంటాయి కాబట్టి, ఒక్క బారు కూడా అటూ ఇటూ కాని సాంగ్ సీక్వెన్స్ కావాలి.

కంప్యూటర్ ఉంటే ఇవన్నీ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. ఎడిటింగ్‌లో రీపర్, క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటివాటితో ఏ కీబోర్డూ పోటీపడలేదు. పెద్ద తెర మీద నోట్లన్నీ కనిపిస్తాయి, ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్లవచ్చు, గొంతు, వయొలిన్, డప్పు అన్నీ పక్కనే ఆడియోగా ఎక్కుతాయి. షార్ట్ ఫిల్ములకి సంగీతం చేయాలనుకునే కుర్రాళ్లకి కంప్యూటర్ తప్పనిసరి. దృశ్యం చూస్తూ సంగీతం అమర్చడం కీబోర్డు తెర మీద కుదరదు.

కానీ కంప్యూటర్ టోన్లు వాయించేటప్పుడు కీ నొక్కడానికీ శబ్దం రావడానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ముందుగా పోగేసుకునే చోటు) పెడితే ఆ బఫర్ ఒక్కటే దాదాపు 6 మిల్లీసెకన్లు. సరైన డ్రైవర్ లేని లాప్‌టాప్‌లో ఇంకా చాలా ఎక్కువవుతుంది, అప్పుడు వేగంగా తబలా వాయిస్తే చెయ్యి తడబడుతుంది. కీబోర్డు సొంత టోన్లతో ఈ బాధ లేదు. అందువల్ల చాలామందికి సరిపడే దారి ఏమిటంటే, శబ్దం కీబోర్డుదే ఉంచి, రాసిపెట్టే పని మాత్రం కంప్యూటర్‌కి ఇవ్వడం. అలా కలిపినప్పుడు ప్రతి నోటూ రెండుసార్లు మోగుతున్నట్టు, శబ్దం డొల్లగా ఉన్నట్టు అనిపిస్తే కీబోర్డులో లోకల్ కంట్రోల్ (కీస్‌కీ లోపలి టోన్లకీ మధ్య నేరు లింకు) ఆఫ్ చేయండి. మీరు నొక్కిన నోటు ఒకసారి నేరుగా, ఇంకోసారి కంప్యూటర్ నుంచి తిరిగొచ్చి మోగడమే దానికి కారణం. కంప్యూటర్ తీసేశాక మళ్లీ ఆన్ చేయడం మరవద్దు, లేకపోతే కీబోర్డు అసలు పలకదు.

అయినా ట్యూన్ తట్టినప్పుడు దాన్ని పట్టుకోవడంలో కీబోర్డుదే పైచేయి. స్విచ్ వేసి, టోను పెట్టి, రికార్డ్ నొక్కేలోపు లాప్‌టాప్ ఇంకా తెరుచుకుంటూ ఉంటుంది. అక్కడ కట్టిన పాటని స్టాండర్డ్ మిడి ఫైలుగా దింపి తర్వాత కంప్యూటర్‌లోకి తెచ్చుకోవచ్చు. టైప్ 0, టైప్ 1 అని అడిగితే టైప్ 1 ఎంచుకోండి, ట్రాకులు విడివిడిగా వస్తాయి.

మన పాటలకి వచ్చేసరికి

ఇంగ్లిష్ రివ్యూల్లో ఈ భాగం దాదాపు కనిపించదు, మనకి మాత్రం ఇదే నిర్ణయాన్ని మార్చేస్తుంది. తాళం సంగతి ముందు. ఫోర్-ఫోర్ (4/4), సిక్స్-ఎయిట్ (6/8) అన్నిటిలోనూ ఉంటాయి. మిశ్ర చాపు వాయించాలంటే 7/8 (బారుకి 7 ఎనిమిదో వంతు స్వరాలు), ఖండ చాపుకి 5/8 పెట్టుకోనివ్వాలి. కోర్గ్ సాంగ్ సీక్వెన్సర్లలో బారుకి బారు తాళం మార్చుకునే వీలుంది. అరేంజర్లలో లోపల వచ్చే స్టైళ్లలో 7/8 అరుదు, కానీ సొంత స్టైల్ తయారుచేసుకోవచ్చు. మీ దగ్గరున్నది 4/4 తప్ప ఒప్పుకోకపోతే ఒక లెక్క ఉంది. 7/8 ఆవర్తనాలు 8 వాయిస్తే 56 ఎనిమిదో వంతు స్వరాలు, అంటే సరిగ్గా 4/4లో 7 బార్లు. ప్యాటర్న్ పొడవు 7 బార్లు పెట్టి, క్లిక్ ఆపేసి, ముందు ఒక తాళం శబ్దాన్ని గైడ్‌గా ఎక్కించి వాయించండి. లూపు ఎక్కడా తెగకుండా కలుస్తుంది. ఖండ చాపుకి 8 ఆవర్తనాలకి 5 బార్లు.

తర్వాత గమకం. దుర్గాపురంలోని ఘంటసాల సంగీత కళాశాలలో కర్ణాటకం నేర్చుకుని కీబోర్డు పట్టే పిల్లలు తోడి గాంధారాన్ని పిచ్ బెండ్‌తో పలికించాలని చూస్తారు. సీక్వెన్సర్‌కి అది పట్టే శక్తి ఉంది, బెండ్ విలువలు 16,384 మెట్లలో నమోదవుతాయి. దాన్ని చెడగొట్టేది క్వాంటైజ్, అంటే నోట్లని తాళం గీతల మీదికి తానే సర్దే సౌకర్యం. చాలా చోట్ల క్వాంటైజ్ నోట్లని మాత్రమే జరుపుతుంది, బెండ్ ఉన్నచోటే ఉండిపోతుంది, దాంతో గమకం స్వరం కన్నా ముందో వెనకో పడుతుంది. బెండ్‌ని కూడా క్వాంటైజ్ చేసే ఆప్షన్ వాడితే జారుడు కాస్తా మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. మెలొడీ ట్రాకుని క్వాంటైజ్ జోలికి తీసుకెళ్లకండి. సరిగా రాని వాక్యాన్ని మళ్లీ వాయించండి. ఢోలక్, డప్పు ట్రాకులకి కూడా వంద శాతం క్వాంటైజ్ వేస్తే లయ బిగుసుకుపోతుంది, సగం బలంతో వేసే వీలున్న కీబోర్డుకే నా ఓటు. ఇంకొకటి, బెండ్ రేంజ్, అంటే పిచ్ బెండ్ పూర్తిగా తిప్పితే స్వరం ఎన్ని అర శ్రుతులు జారుతుందన్న అంకె. మీ కీబోర్డులో రెండు అర శ్రుతులకి వాయించిన ఫైలు, రేంజ్ 12 ఉన్న ఇంకో కీబోర్డులో వేస్తే గమకం అపశ్రుతి అయిపోతుంది. ఫైలు పంపేముందు ట్రాకు మొదట్లోనే బెండ్ రేంజ్ సందేశం చేర్చండి, లేదా అవతలివాళ్లకి ఆ అంకె చెప్పండి.

మరి ఏది కొనాలి?

పాట రూపం ముందే మీ తలలో ఉండి, ఆర్కెస్ట్రాకో డ్యాన్స్‌కో పూర్తి ట్రాకులు తయారుచేసేవాళ్లయితే క్రోమ్ లేదా సెకండ్‌హ్యాండ్ మోటిఫ్, బడ్జెట్ ఉంటే నాటిలస్. రిథమ్ దగ్గర మొదలై అక్కడి నుంచి ట్యూన్ వెతుక్కునేవాళ్లయితే ఫాంటమ్-0 లేదా ఎఫ్ఏ-06. చర్చి, భజన, పెళ్లి రిసెప్షన్‌లో ఒక్కరే వాయించే పని అయితే అరేంజర్. లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉండి రికార్డింగే లక్ష్యమైతే సీక్వెన్సర్‌కి అదనంగా డబ్బు పెట్టకండి, మంచి కీస్, మంచి టోన్లు, యూఎస్‌బీ ఆడియో ఉన్న మోడెక్స్ లాంటిది చూడండి. క్రోమ్‌లో యూఎస్‌బీ నుంచి మిడి వెళుతుంది గానీ ఆడియో వెళ్లదు, ఈ తేడా స్టూడియో పనిలో పెద్దదే.

షాపుకి వెళ్లినప్పుడు ఒక పావుగంట అడిగి తీసుకోండి. మీకు బాగా వచ్చిన ఒక పల్లవి ఎంచుకుని డ్రమ్స్, బేస్, మెలొడీ మూడు ట్రాకులు ఎక్కించండి. బేస్‌లో కావాలని ఒక నోటు తప్పు వాయించి, దాన్ని మాత్రమే సరిచేయడానికి ఎన్ని బటన్లు నొక్కాల్సి వస్తుందో చూడండి. ఒకటిన్నర శ్రుతి నుంచి రెండుకి మార్చి డ్రమ్స్ అలాగే ఉన్నాయో లేదో వినండి. పెన్‌డ్రైవ్‌లోకో కార్డులోకో సేవ్ చేసి, స్విచ్ ఆపి, మళ్లీ వేసి లోడ్ చేయండి. అమ్మే అబ్బాయికి ఇవి చేతకాకపోతే ఫోన్‌లో ఆ మోడల్ మాన్యువల్ పీడీఎఫ్ తెరిచి మీరే చేసుకోండి. అక్కడ ఆ పావుగంటలో మీ చేతికి దారి దొరికిందంటే ఆ కీబోర్డు తీసుకోండి.